ఊరికే దొరికే ఆటగాడు

బేస్‌బాల్ ఆటను నేను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరి దాకా చూడలేదు. చూడాలని కూడా లేదు. కానీ ఆ ఆటగాళ్ళలో ఎవడు పోయినేడు కేవలం అదృష్టం కొద్దీ నెగ్గుకొచ్చాడో, ఎవడికి వయసు మీదపడి చేయి నెమ్మదించిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన రోజులు ఉండేవి. ఆ పాండిత్యం నా మెడకు ఎలా చుట్టుకుందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఆఫీసులో, ప్లానింగ్ సెక్షన్‌లో ఉద్యోగం నాది. స్టాటిస్టిక్స్‌లో పీజీ చేసి, జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పి, అక్కడి జీతాలకు విసిగిపోయి ఉన్నప్పుడు మా బావ నన్ను ఇక్కడికి రప్పించాడు. బావ అంటే మా అక్క భర్త. అప్పటికే అదే కంపెనీలో చాలా ఏళ్ళుగా రాడ్ బైండింగ్ పని చేస్తున్నాడు. ఆఫీసులో కంప్యూటర్ మీద లెక్కలు చేసేవాడు కావాలని ఎవరో అనుకుంటుంటే విని, ఆ ఎండలో హెల్మెట్ చేత పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి, మా బామ్మర్ది ఉన్నాడని చెప్పి వచ్చాడట. నేను నజ్మాలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటాను. బావ మెసైమీర్ అవతల క్యాంపులో ఉండేవాడు. మా ఊళ్ళో మాత్రం ఇద్దరమూ దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. సొంత అక్క కూడా ఖతార్ అని ఏనాడూ అనలేదు.

మా మేనేజర్ అరబ్బే, కానీ చదువంతా అమెరికాలో. మంచివాడే. అరవడు, జీతం ఆపడు, పేరు పెట్టి పిలుస్తాడు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి ఫాంటసీ బేస్‌బాల్. అమెరికాలో కలిసి చదివిన స్నేహితులంతా, ఇప్పుడు తలా ఒక దేశంలో ఉన్నవాళ్ళు, ఏటా దీన్ని ఆడతారు. అసలు ఆట అమెరికా మైదానాల్లో అసలు ఆటగాళ్ళే ఆడుకుంటారు. వీళ్ళు సీజనుకు ముందు ఒకరోజు ఫోన్లలో కలుసుకుని, వంతులవారీగా ఆ ఆటగాళ్ళలోంచి తలా ఒక జట్టును ఏరుకుంటారు. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. అక్కడ వాడు బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకు మార్కులు పడతాయి. డబ్బూ దస్కం ఏమీ లేదు. గెలిచినవాడు మిగతావాళ్ళను ఏడాది పొడుగునా ఎగతాళి చేసుకోవచ్చు, అంతే లాభం.

మా సార్ ఏటా ఓడిపోయేవాడు. ఆ స్నేహితులు పంపే వెక్కిరింపు మెసేజీలు చదివి మొహం మాడ్చుకునేవాడు. ఒక చలికాలం నన్ను పిలిచి, నువ్వు స్టాటిస్టిక్స్ కదా, ఈసారి నాకు సాయం చెయ్ అన్నాడు. కాదంటే ఏమవుతుందో తెలియదు, కాబట్టి సరే అన్నాను. శుక్రవారం బావ నజ్మా వచ్చినప్పుడు ఈ సంగతి చెప్తే, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆడేటోడు ఆడుతుండు, చూసేటోడు చూస్తుండు, మధ్యల మీరు చేసేదేంది పిలగా అన్నాడు. బావా బామ్మర్దుల పరాచకం కదా, ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా, మీ సారు ఆట ఎంత దాక వచ్చింది అని అడిగేవాడు.

నిజం చెప్పాలంటే, దిగాక నాకు ఆ లెక్కలు చాలా నచ్చాయి. కాలేజీలో బోర్డు మీద రాసి, ఎవరూ వినకపోతే తుడిపేసిన పాఠాలన్నీ ఇక్కడ ప్రాణం పోసుకుని కనిపించాయి. బంతి బ్యాటుకు ఎంత గట్టిగా తగిలినా నేరుగా ఫీల్డర్ చేతిలోకి పోతే అవుటే. మెల్లగా తగిలినా ఇద్దరి మధ్య సందులో పడితే పరుగే. కాబట్టి వచ్చిన పరుగులు చూసి మనిషిని నమ్మొద్దు, బంతి బ్యాటును వదిలినప్పుడు ఎంత వేగంతో పోయింది, ఏ కోణంలో లేచింది, అది చూడాలి. కొన్ని మైదానాలు చిన్నవి, అక్కడ ఎవడు కొట్టినా గోడ దాటుతుంది. ఆ వాపును చూసి బలుపు అనుకోకూడదు. బంతి విసిరేవాడి విషయంలో మిగతా జట్టు చేసే తప్పులు పక్కన పెట్టి, వాడి చేతిలో ఉన్నది మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ ఎవరు ఎలా తగ్గుతారో దానికో గీత ఉంటుంది. నేను ఇవన్నీ చదివి, ఏళ్ళ తరబడి అంకెలు దింపుకుని, ఒక పద్ధతి తయారుచేశాను. సార్‌కు అభిమాన ఆటగాడొకడు ఉండేవాడు, ముసలి క్యాచర్, మన క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. వాణ్ణి వదలనని మొండికేస్తే, ఆటగాళ్ళ మీద ప్రేమ పెంచుకుంటే ఓడిపోతారు సార్ అని నేనే గట్టిగా చెప్పాను.

ఆ లెక్కలన్నిటికీ ఆయువుపట్టు ఒకటి ఉంది. ఒక ఆటగాడి విలువ అంటే వాడు ఎంత బాగా ఆడతాడని కాదు. వాడు లేకపోతే వాడి స్థానంలో ఊరికే, ఎప్పుడంటే అప్పుడు దొరికేవాడు ఒకడుంటాడు కదా, వాడి కన్నా వీడు ఎంత మెరుగు అన్నది. ఆ ఊరికే దొరికే ఆటగాడే గీత. గీతకు బాగా పైనున్నవాణ్ణి పట్టుకోవాలి. గీత దగ్గరికి జారినవాణ్ణి, వాడు నిన్నటిదాకా ఎంత మొనగాడైనా, వదిలేయాలి. ఈ ముక్క సార్‌కు విడమరిచి చెప్పిన రోజు ఆయన కుర్చీలోంచి లేచి నా వీపు తట్టాడు. నాకు చాలా గర్వమేసింది.

ఆ ఏడు సార్ గెలిచాడు. మామూలుగా కూడా కాదు, అందరి కన్నా చాలా ముందు. ఆఫీసంతా స్వీట్లు పంచాడు. నన్ను అందరి ముందూ ప్రొఫెసర్ అని పిలిచాడు. ఆ మాట బావకు చెప్తే, మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాడు, నీ తమ్ముడు ఈడ ప్రొఫెసర్ అయిండు అని.

ఆ గెలుపు తర్వాత వచ్చిన చలికాలంలో మా పెద్ద సైటు పని అయిపోవచ్చింది. కొత్త పని ఉంది కానీ చిన్నది. కొంతమందిని ఇంటికి పంపాలని పైనుంచి మాట వచ్చింది. మామూలుగా అయితే ఫోర్మన్లు పేర్లు ఇస్తారు. ఫోర్మన్ చుట్టం ఉండిపోతాడు, ఎదురు మాట్లాడినవాడు పోతాడు, ఇది అందరికీ తెలిసిన భాగోతం. సార్ నన్ను పిలిచి తలుపు వేసి, ఈసారి అలా వద్దు, నీ పద్ధతి వాడదాం అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తిక్క రేగింది. వాళ్ళు ఆటగాళ్ళు కాదు సార్, మనుషులు అన్నాను. ఆటగాళ్ళు మాత్రం మనుషులు కాదా అన్నాడాయన, చాలా శాంతంగా. ఫోర్మన్ ఇష్టాయిష్టాల మీద పోవడం మంచిదా, అందరికీ ఒకే లెక్క మంచిదా, నువ్వే చెప్పు అన్నాడు.

రెండు రోజులు ఆలోచించాను. గుడ్డి కన్నా మెల్ల నయం అనిపించింది. ఎవరి చుట్టరికమూ చెల్లని చోట కష్టపడేవాడు మిగులుతాడు కదా అనుకున్నాను. హాజరు, సిక్ లీవులు, వయసు, గ్యాంగు చేసిన పనిలో ఒక్కొక్కరి వంతు, అన్నీ తీసుకున్నాను. ఇక్కడ ఊరికే దొరికే ఆటగాడు ఎవరు? ఏజెంటు ఆఫీసు బయట పాస్‌పోర్టు పట్టుకుని నిలబడ్డ కొత్త మనిషి. అలాంటివాళ్ళకు ఏనాడూ కరువు లేదు, కాబట్టి గీత చాలా ఎత్తులో వచ్చింది. నా కాగితాల్లో పేర్లు లేవు, అన్నీ కార్డు నంబర్లే. లెక్క పూర్తిచేసి పంపాను. మర్నాడు పర్సనెల్ సెక్షన్ వాళ్ళు నంబర్ల పక్కన పేర్లు ఎక్కించి, ఒకసారి చూసుకోమని తిరిగి నాకే పంపారు. గీత కింద మా బావ పేరు ఉంది.

ఏదో పొరపాటు అనుకున్నాను. బావ లాంటి పనిమంతుడు ఆ సైటులో ఎంతమంది ఉంటారు? మళ్ళీ లెక్క చేశాను. పొరపాటు లేదు. యాభైకి దగ్గరపడ్డ వయసు ఒకటి, దాని మీద ఏడాది పొడుగునా సిక్ లీవులు. చీటీల మీద అంతటా కడుపునొప్పి అనే ఉంది. రాళ్ళు తిని అరిగించుకునే మనిషికి అన్నిసార్లు కడుపునొప్పి ఎప్పుడొచ్చిందో నాకు అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున్నే క్యాంపుకు పోయాను. బావ వంటగదిలో పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ కోస్తున్నాడు. ఆయన గదిలో పక్క మంచం మీద ఉండే నిజామాబాద్ అతను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అతన్ని నేను ఎప్పుడు పోయినా అలాగే చూశాను. నలభై దాటలేదు, కానీ మొహం ఉబ్బి, కాళ్ళు నీరు పట్టి ఉండేవి. కిడ్నీలు బాగా లేవని, ఇక్కడి పెద్దాసుపత్రిలో చూపించుకుంటున్నాడని బావ ఎప్పుడో చెప్పాడు. బావను బయటికి తీసుకుపోయి, బస్సులు ఆగే చోట గోడ నీడన నిలబెట్టి విషయం చెప్పాను.

ఆయన కాసేపు ఉల్లిగడ్డ వాసన కొట్టే వేళ్ళను చూసుకున్నాడు. ఎందుకట అన్నాడు.

"సిక్ లీవులు బావా. గన్ని కడుపునొప్పులు నీకెప్పుడచ్చినయి?"

నవ్వాడు. ఆ తర్వాత చెప్పిందంతా నేను గోడకు ఆనుకుని విన్నాను. పక్క మంచం అతని సిక్ లీవులు పోయినేడే అయిపోయాయి. ఇక మానుతూ పోతే ఇంటికి పంపేస్తారు. ఇంటికి పోతే ఈ ఆసుపత్రి లేదు, ఈ మందులు లేవు. బావకేమో సిక్ లీవులు వాడనివి అలాగే ఉన్నాయి. అందుకని అతను లేవలేని రోజున బావ క్యాంపు కాంపౌండర్ దగ్గరికి పోయి కడుపునొప్పి అని తన పేరు మీద చీటీ రాయించుకుని, అతని కార్డు మెడలో వేసుకుని, అతని గ్యాంగులోకి పోయి డ్యూటీ చేసేవాడు. దుమ్ముకూ ఎండకూ అందరూ మొహానికి గుడ్డ చుట్టుకునే ఉంటారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆ ఫోర్మన్ మనవాడే, తెలిసీ తెలియనట్టు ఉండేవాడు. క్యాంపుల్లో ఇది కొత్తేమీ కాదట. ఒకరికి బాగా లేకపోతే ఇంకొకరు కార్డు వేసుకుని పోవడం బావ వచ్చిననాటి నుంచీ ఉన్న అలవాటేనట. ఆఫీసులో ఏసీ కింద కూర్చునే నాకే తెలియదు.

నా లెక్క ప్రకారం గీతకు బాగా పైన, ఏడాదిగా ఒక్కరోజు కూడా మానకుండా ఉన్న నంబర్లలో ఆ నిజామాబాద్ అతనిది ఒకటి. అతని పేరు మీద ఉన్న పనిలో మంచి భాగం మా బావది. ఫలితం చూసి నమ్మొద్దు, వెనక ఏముందో చూడాలి అని సార్‌కు నెలల తరబడి పాఠం చెప్పినవాణ్ణి నేను.

ఇప్పుడే పోయి చెప్తాను, కార్డు నీది కాకపోయినా పని నీదేనని చెప్తాను అన్నాను. బావ నా భుజం పట్టుకున్నాడు.

"చెప్తే ఏమైతది? కార్డు మార్చినందుకు నేనూ పోత, ఆడూ పోతడు, ఫోర్మన్ గూడ పోతడు. గిట్లైతె ఒక్కన్నే పోత. నా పానం మంచిగున్నది, ఊర్ల ఏదో ఒకటి చేసుకుంట. ఆడు పోతె సస్తడు పిలగా."

వయసు మళ్ళినవాడికి మళ్ళీ వీసా రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. లోపలికి పోయి పచ్చిపులుసుతో అన్నం తిన్నాం. ఆ నిజామాబాద్ అతను లేచి కూర్చుని, నాకు మంచం మీద చోటిచ్చి, మంచిగున్నరా సార్ అని అడిగాడు. నేను అతని మొహం చూడలేకపోయాను. బావ పేరు లిస్టుకెక్కిన సంగతి అతనికి తెలియదు.

మర్నాడు సార్ దగ్గరికి పోయాను. కార్డు సంగతి ఎత్తకుండా, నాకు తెలిసిన వాదనలన్నీ చేశాను. ఒక్క ఏడాది అంకెలతో మనిషిని తేల్చకూడదు, సిక్ లీవు అనేది పనితనం కాదు, వయసుకు ఇచ్చిన బరువు ఎక్కువైంది అన్నాను. ఆయన అన్నీ ఓపిగ్గా విన్నాడు. ఇవన్నీ నిన్నటిదాకా నీకు గుర్తు రాలేదా అన్నాడు. గత్యంతరం లేక, అతను మా అక్క భర్త సార్, నన్ను ఇక్కడికి తెచ్చింది ఆయనే అన్నాను. సార్ మొహంలో నిజంగానే బాధ కనిపించింది. నీ బాధ నాకు తెలుసు, కానీ అందుకోసమే కదా మనం లెక్క పెట్టుకున్నది, నా క్యాచర్ విషయంలో నువ్వు నాకు చెప్పింది కూడా ఇదే కదా అన్నాడు. నేను బయటికి వచ్చి, టాయిలెట్‌లో తలుపు వేసుకుని ఏడ్చాను. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని మా అమ్మ ఊరికే అనేది కాదు. నా బతుక్కి పిల్లీ నేనే, ఎలుకా నావాడే.

బావ పోయే రోజు ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకుపోయాను. దారంతా నవ్విస్తూనే ఉన్నాడు. మీ సారు ఆటల నేను అవుటైన అన్నాడు. మీ అక్కకు అసలు సంగతి చెప్పకు, పని అయిపోయిందని చెప్పు అన్నాడు. లోపలికి పోయేముందు మాత్రం ఒక్క మాట అన్నాడు, ఆన్ని జర చూస్కో అని. చూసుకోవడం అంటే నేనేం చేయగలను? కార్డు వేసుకుని పోయి రాడ్లు కట్టే ఒంట్లో బలమా నాది? అయినా సరే అన్నాను.

క్యాంపులో బావ ఉండిన గదిలో ఇంకా నలుగురు ఉన్నారు. ఇద్దరు ఇంతకు ముందు బావకు తోడుగా ఒకటీ అరా రోజు నిజామాబాద్ అతని బదులు పోయినవాళ్ళే. వాళ్ళను కలిసి అడిగాను. వాళ్ళు నా మొహం కేసి చూసి తల దించుకున్నారు. లిస్టులోకి ఎవరు ఎందుకు పోయారో క్యాంపంతా తెలిసిపోయింది. సిక్ లీవు పెట్టినవాడు గీత కిందికి పోతాడని అందరికీ అర్థమైంది. ఇప్పుడు నిజంగా జ్వరం వచ్చినవాడు కూడా మాత్ర వేసుకుని డ్యూటీకి పోతున్నాడు. ఇంకొకరి కోసం తన సిక్ లీవు ఖర్చుపెట్టేవాడు ఎక్కడుంటాడు? ఒకతను మాత్రం, అన్నా మాకూ పిల్లలున్నరు గదా అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. ఎన్నో ఏళ్ళుగా ఏ కంపెనీ, ఏ మేనేజరూ ఆపలేకపోయిన అలవాటును నా లెక్క ఒక్క లిస్టుతో ఖల్లాస్ చేసింది.

నిజామాబాద్ అతను రోజూ లేవడానికి ప్రయత్నించాడు. కొన్నాళ్ళు పోయాడు కూడా. తర్వాత మానడం మొదలైంది. కొత్త పని ఇంకా తగ్గి, సార్ మళ్ళీ లెక్క అడిగినప్పుడు నేను సిక్ లీవుకూ గైర్హాజరుకూ ఇచ్చే బరువు తగ్గించి చూశాను. ఇంకా తగ్గించి చూశాను. ఎంత తగ్గించినా అతని నంబరు అడుగు నుంచి కదల్లేదు. సార్ ఆ కాగితం చూసి ఆశ్చర్యపోయాడు. పోయినసారి ఇంత పైనున్న మనిషి ఇంత తొందరగా పడిపోవడం మన పద్ధతి ఎంత బాగా పట్టుకుందో చూడు అన్నాడు. ఆ రోజు నేను నోరు తెరిచి, ఫోర్మన్ మాట మాత్రం ఎత్తకుండా, కార్డుల సంగతి మొత్తం చెప్పేశాను. ఎటూ ఇద్దరూ పోయినట్టే కదా, ఇక దాచేదేముంది? ఆయన కాగితం మీద ఆ నంబరును వేలితో వెతికి పట్టుకున్నాడు. తర్వాత, అయితే ఆ మనిషి మొదటి నుంచీ పని చేయలేనివాడే కదా, లెక్క తప్పు కాదు, ఆలస్యమైంది అంతే అన్నాడు. కిటికీలోంచి అవతల క్రేన్లు కనిపిస్తున్నాయి. నాకు మళ్ళీ ఏడుపు కూడా రాలేదు.

అతన్ని ఇంటికి పంపిన వారం, శుక్రవారం మధ్యాహ్నం, నేను నజ్మాలో గదిలో బట్టలు ఆరేస్తుంటే బావ ఫోన్ వచ్చింది. మామూలుగా ఫోన్ ఎత్తగానే ఒక పరాచకం ఆడతాడు. ఆ రోజు ఆడలేదు. నిజామాబాద్ అతను సొంత ఊరికి పోకుండా, బ్యాగుతో నేరుగా మా అక్క ఇంటికి వచ్చాడట, అన్నను చూసిపోదామని. బావే చెప్పాడో, క్యాంపులోనే ఎవరైనా చెప్పారో, బావ ఎందుకు పోవాల్సివచ్చిందో అతనికి తెలిసిపోయింది. అరుగు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడట. అక్క అన్నం పెడితే రెండు ముద్దలు తిని పడుకున్నాడట. కాళ్ళు బాగా వాచి ఉన్నాయి, రేపు కరీంనగర్‌లో ఏదైనా ఆసుపత్రికి తీసుకపోయి చూపిస్తా అన్నాడు బావ. సరే బావా అన్నాను.

అవతల అక్క ఎవరినో నీళ్ళు తెమ్మంటున్న మాట వినిపించింది. బావ గొంతు తగ్గించాడు. కోపంతో అడగలేదు, నిష్ఠూరంగా కూడా అడగలేదు. చదువుకున్నవాణ్ణి, నాకు తెలిసి ఉంటుందని అడిగాడు.

"మరి నేనెందుకచ్చిన పిలగా ఇంటికి?"